‘అది స్పెషల్ టీచరు పని’

మూడేళ్లు దాటినా బిడ్డకు మాట రాకపోతే మన పాతపట్నం వైపు రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు, ‘ఊరుకోండి, అదే వస్తాది, ఆళ్ల నాన్నకీ ఆలీసంగానే వచ్చింది’ అంటారు. చదువుకున్నవాళ్లు, ‘అది స్పెషల్ టీచరు పని, భవిత కేంద్రానికి పంపేయండి’ అంటారు. మొదటిదాన్ని మూఢత్వమని అందరూ కొట్టిపారేస్తారు. నా తగువు రెండోదానితోనే.

పంపేయడం అంటే ఏమిటి? అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. దివ్యాంగ పిల్లల కోసం మండల కేంద్రంలో ఉండే భవిత సమగ్ర శిక్షది, అంటే విద్యాశాఖది. ఒకే బిడ్డ, రెండు రిజిస్టర్లు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఉచిత చదువు హక్కును ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకానే లెక్కగట్టింది. మాట, నడక, పిలిస్తే తలతిప్పడం కుదురుకునే వయసు మాత్రం ఆరుకు ముందే అయిపోతుంది. ఆ వయసంతా బిడ్డను చూసేది అంగన్‌వాడీ టీచరమ్మే. ఆమెకు తెలిసింది అడగకుండా ఎవరికి పంపుతాం?

ఇక్కడ ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. మనకు ఒడిశాలోని పర్లాకిమిడి పక్కూరు. వీధిలో తెలుగు, చుట్టాలతో ఒడియా, కొండదాపు ఊళ్లలో ఇంట్లో సవర. తెలుగులో అడిగితే మూగమొద్దులా నిలబడ్డ పిల్ల ఇంటికెళ్లి నాయనమ్మతో సవరలో గలగలా మాట్లాడుతుండొచ్చు. ప్రత్యేక ఉపాధ్యాయురాలు అరగంట పరీక్షలో దాన్ని ‘మాట ఆలస్యం’ అని రాసేయగలదు. తల్లిని ఎరిగిన టీచరమ్మ పక్కనుంటే ఆ తప్పు జరగదు. తిరగేసి చూసినా అంతే: ‘కొత్త భాష కదా, నేర్చుకుంటాది’ అని టీచరమ్మ సరిపెట్టుకున్న బిడ్డకు నిజంగా చెవుడే ఉండొచ్చు. దాన్ని పసిగట్టే చూపు స్పెషల్ టీచరుది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, 1931లో వెలువడిన ఆ భాష వ్యాకరణాన్ని రాసింది ఈ చుట్టుపక్కల నేల మీదే. ఆయన పేరు మీద సభలు పెట్టే మనం, ముందు బిడ్డ ఇంటి భాష తెలియాలన్న ముక్క మరిచిపోయాం.

‘అంగన్‌వాడీ వాళ్లకు ఇంకో పని తగిలిస్తారా?’ అంటారు. న్యాయమైన మాటే. బరువులు తూచాలి, గుడ్లు లెక్కపెట్టాలి, ఫోన్‌లో అన్నీ ఎక్కించాలి. 2023 డిసెంబరులో మొదలైన అంగన్‌వాడీల 42 రోజుల సమ్మె ఊరికే రాలేదు. కానీ నేను కొత్త పని అడగడం లేదు, రోజూ చేసే పనిలోనే స్పెషల్ టీచరుతో చేయి కలపమంటున్నాను. మధ్యాహ్నం ఉడికిన గుడ్డు పెంకు వొలవడం ఉందే, బిగుసుకున్న వేళ్లకు అంతకన్నా మంచి సాధన లేదు. ఏ చేత్తో పట్టించాలో, ‘గుడ్డు’ అనేదాకా ఎంతసేపు ఆగాలో స్పెషల్ టీచరు ఒకసారి చూపిస్తుంది. టీచరమ్మ రోజూ చేయిస్తుంది. అదే బిడ్డను వారానికోసారి చంకనేసుకుని మండల కేంద్రానికి మోసుకెళ్తే ఆ తల్లికి ఆ రోజు కూలి పోతుంది. నాలుగు వారాలు వస్తుంది, అయిదో వారం మానేస్తుంది.

2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది. ముందే గుర్తించండి, కేంద్రంలోనే కలుపుకోండి, వైద్యానికి పంపండి అంటుంది. మంచిదే. అయితే ఆ మూడింటిలో మధ్యది, కలుపుకోవడం, కాగితంతో జరగదు. వచ్చే నెల అంగన్‌వాడీ టీచర్ల సెక్టారు మీటింగుకు భవిత టీచర్ని కూడా రమ్మనడానికి ఏ జీవో కోసం ఆగుతున్నాం?