గిటారు అమ్మొద్దు తమ్ముడూ, స్టూలు మార్చు

వాయిద్యం కొనేటప్పుడు మనవాళ్లు అన్నీ అడుగుతారు. ఏ కంపెనీ, ఏ చెక్క, ఎన్ని తీగలు, సెకండ్ హ్యాండ్‌లో ఎంతకొస్తుంది... ఒక్కటి మాత్రం ఎవరూ అడగరు. దీన్ని దేనిమీద కూర్చుని వాయించాలి? మామూలు గిటార్‌కి ఆ ప్రశ్నే అక్కర్లేదు, మంచం అంచు మీద కూర్చున్నా నడిచిపోతుంది. వీణకి చాప చాలు. కానీ పెడల్ స్టీల్ గిటార్ అని ఒకటుంది. దానికి సీటు కుదరకపోతే ఎంత ప్రాక్టీస్ చేసినా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ వారం ఈ టాపిక్ ఎందుకంటే, డాలస్ నుంచి ఓ తమ్ముడు రాశాడు. ఐటీ ఉద్యోగం. అక్కడి కంట్రీ మ్యూజిక్ విని విని ప్రేమలో పడ్డాడు. నెలనెలా కొంత దాచుకుని ఒక పెడల్ స్టీల్ కొన్నాడు. ‘అన్నా, ఇరవై నిమిషాలకే ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. నడుం పట్టేస్తోంది. నా బాడీకి ఇది సెట్ అవ్వదేమో, అమ్మేద్దామనుకుంటున్నా’ అని. ఫొటో కూడా పంపాడు. గిటారు బంగారంలా ఉంది. దాని వెనక మాత్రం చేతులున్న, చక్రాలున్న, మెత్తటి ఆఫీసు కుర్చీ!

మూడేళ్లుగా నేనూ ఇదే వాయిద్యంతో కుస్తీ పడుతున్నాను కాబట్టి చూడగానే విషయం అర్థమైంది. తేడా బాడీలో లేదు. కుర్చీలో ఉంది.

అసలేంటీ వాయిద్యం?

హవాయి గిటార్ సౌండ్ మనకి కొత్త కాదు. పాత హిందీ సినిమా పాటల్లో జారుతూ, ఏడుస్తూ వినిపించే ఆ తీగ గుర్తుందా? గిటార్‌ని అడ్డంగా పెట్టుకుని, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగలమీద జారిస్తే వచ్చే సౌండ్ అది. 19వ శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. మన గోటువాద్యంలోనూ అంతే, మెట్లుండవు, జారించడమే. బ్రిజ్ భూషణ్ కాబ్రా హవాయి గిటార్‌ని ఏకంగా హిందుస్తానీ కచేరీల్లోకే తీసుకొచ్చారు.

అమెరికావాళ్లు దానికి కాళ్లు తగిలించారు. కాళ్లంటే టేబుల్ కాళ్లే కాదు, మన కాళ్లకి కూడా పని పెట్టారు. కింద పెడల్స్, మోకాళ్ల దగ్గర లివర్లు. పెడల్ తొక్కితే కొన్ని తీగల శ్రుతి మారిపోతుంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి, స్వరాన్ని వంచి వినిపించాడు. అది విని నాష్‌విల్‌లో స్టీల్ వాయించేవాళ్లంతా తమ గిటార్లకి పెడల్స్ బిగించుకోవడం మొదలుపెట్టారు. తర్వాత బడ్డీ ఎమన్స్ లాంటివాళ్లు దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చారు.

మామూలుగా 10 తీగలు, ఇ9 అనే ట్యూనింగ్, 3 పెడల్స్, 4 లేదా 5 మోకాలి లివర్లు. ఒక్క ఉదాహరణ చెప్తా. కడ్డీని 3వ ఫ్రెట్ మీద పెట్టండి. ఏమీ తొక్కకపోతే జి కార్డ్. ఎ, బి పెడల్స్ రెండూ కలిపి తొక్కితే సి కార్డ్. బి వదిలేసి, ఎ తొక్కే ఉంచి, ఇ తీగల్ని ఎఫ్‌కి పెంచే మోకాలి లివర్ నెడితే ఇ కార్డ్. చెయ్యి అంగుళం కూడా కదల్లేదు, మూడు కార్డ్స్ అయిపోయాయి. ఆ పనంతా చేసింది ఎడమ కాలు ఒక్కటే!

కుడి పాదం ఖాళీగా ఉందనుకుంటున్నారా? అది పాటంతా వాల్యూమ్ పెడల్ మీదే. కుడి మోకాలికి మరో రెండు లివర్లు.

సీటుకి అంత బిల్డప్ ఎందుకంటే...

మనం కుర్చీలో కూర్చున్నప్పుడు బరువు మొత్తం కుర్చీ మీదే పడదు. కొంత పాదాలు మోస్తాయి, కొంత చేతులు మోస్తాయి. అటూ ఇటూ జరగాలంటే పాదం తన్నిపెట్టి సర్దుకుంటాం. పెడల్ స్టీల్ దగ్గర ఆ చాన్స్ లేదు. రెండు చేతులూ గాల్లో, తీగలమీద. రెండు పాదాలూ పెడల్స్ మీద. మడమలు నేలకి తగిలినా వాటిమీద బరువు వేయలేం, వేస్తే పాదం తిరగదు. అంటే ఒంటిని నిలబెట్టేది ఒక్క సీటే. అది కదిలితే మనం కదులుతాం. మనం కదిలితే స్వరం కదులుతుంది.

ఇది బాగా అర్థం కావాలంటే పోచంపల్లి వెళ్లి గుంట మగ్గం దగ్గర నిలబడండి. నేతన్న గుంట అంచున కూర్చుని ఉంటాడు. కాళ్లు గుంటలో, కింద చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతుంటాయి. చేతులు నాడె ఆడిస్తుంటాయి. ఆయన కూర్చునేదానికి చేతులుండవు, చక్రాలుండవు, తిరగదు. మన వీధి టైలర్ స్టూలు కూడా అంతే. కాళ్లతో పనిచేసేవాళ్ల సీట్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. నడుం నొప్పులు కూడా ఒకేలా ఉంటాయి, అది వేరే విషయం. అందుకే సీటు ఎంపికని ఈజీగా తీసుకోకూడదు.

సీటులో చూడాల్సినవి

చక్రాలు వద్దే వద్దు. మోకాలితో లివర్‌ని ఎడమకి నెడితే కుర్చీ మిమ్మల్ని కుడికి నెడుతుంది. ఆ జారుడు ఆపడానికి నడుం బిగబడుతుంది. గంటసేపు తెలియకుండానే బిగబట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి నడుం పట్టేయక ఏం చేస్తుంది? గిర్రున తిరిగే స్టూలుతోనూ ఇదే గొడవ. తిరిగేదైతే లాక్ ఉండాలి, లేదా బాగా టైట్‌గా ఉండాలి.

చేతులు వద్దు. కడ్డీ పట్టుకున్న ఎడమ చెయ్యి కింది ఫ్రెట్ల నుంచి పై ఫ్రెట్ల దాకా ప్రయాణం చేస్తుంది. మోచేయి కుర్చీకి తగిలిందంటే భుజం ఎత్తాల్సి వస్తుంది. తర్వాత మెడ నొప్పి ఫ్రీ.

ముందు అంచు గుండ్రంగా ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోరు. గట్టి అంచు తొడ వెనక నొక్కుతూ ఉంటే నరాల మీద, రక్తం తిరగడం మీద ఒత్తిడి పడి కాలు తిమ్మిరెక్కుతుంది. మన డాలస్ తమ్ముడి బాధలో సగం ఇదే. అందుకే సీటు నిండా వెనక్కి జరిగి కూర్చోకుండా ముందు సగంలో కూర్చోండి. తొడలు సీటు మీద కాదు, గాల్లో ఉండాలి. అప్పుడే మోకాలు స్వేచ్ఛగా ఆడుతుంది.

మెత్తదనం మితంగా ఉండాలి. షోరూమ్‌లో కూర్చోగానే ‘అబ్బ!’ అనిపించే సోఫా టైపు సీటు ఇక్కడ శత్రువు. మెత్తటి స్పాంజి గంటలో కుంగుతుంది. మీరు కుంగితే మోకాలు లివర్‌కి తగిలే చోటు మారిపోతుంది. కింద గట్టి స్పాంజి, పైన పల్చటి మెత్తదనం ఉంటే బెస్ట్.

ఎత్తు ఎలా తేల్చుకోవాలి?

ముందు షూ వేసుకోండి. ఏ షూతో వాయిస్తారో అదే. టెక్సాస్‌లో కౌబాయ్ బూట్లు వేసుకుంటే మడమ ఎత్తు పెరుగుతుంది, మోకాలు పైకి లేస్తుంది, లెక్కంతా మారిపోతుంది.

ఇప్పుడు కూర్చుని పాదాలు పెడల్స్ మీద పెట్టండి. తొడలు నేలకి సమాంతరంగా గానీ, మోకాలివైపు కొద్దిగా వాలుగా గానీ ఉండాలి. మోకాలు తుంటికన్నా పైకి వస్తే సీటు తక్కువైనట్టు. అలా కూర్చుంటే నడుం గుండ్రంగా వంగిపోతుంది. తొడలు గిటారు అడుగుభాగానికి తగులుతుంటే గిటారుకీ సీటుకీ మధ్య జాగా చాలనట్టు. ఎడమ మోకాలితో పైకి ఎత్తే లివర్ ఉంటే ఇంకా జాగ్రత్త. మామూలుగా కూర్చున్నప్పుడు అది తగలకూడదు. కొద్దిగా మడమ ఎత్తగానే అందాలి.

తర్వాత చేతులు చూడండి. భుజాలు వదిలేసి, కడ్డీని తీగలమీద పెట్టినప్పుడు మోచేయి దగ్గరదగ్గరగా తీగల ఎత్తులో ఉండాలి. భుజాలు చెవులవైపు లేస్తున్నాయంటే మీరు కిందున్నారని అర్థం.

కాళ్ల లెక్కకీ చేతుల లెక్కకీ పొంతన కుదరకపోతే? పొడుగువాళ్లకి ఎక్కువగా ఇదే సమస్య. అప్పుడు సీటొక్కటే పెంచితే చాలదు, గిటారు కూడా ఎత్తాలి. కాళ్లు పెంచితే పెడల్ కడ్డీల పొడవు కూడా మార్చుకోవాలి. అది తెలిసినవాళ్లతో చేయించుకోవడం మంచిది.

ఎత్తు తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. డైనింగ్ కుర్చీ మామూలుగా 18 అంగుళాల దగ్గర ఉంటుంది. దానిమీద గట్టి అట్టలో, మడతపెట్టిన దుప్పట్లో ఒక్కో అర అంగుళం చొప్పున పెంచుతూ రెండేసి రోజులు వాయించి చూడండి. ఏ ఎత్తులో మీరు సీటు సంగతే మర్చిపోయారో, అదే మీ ఎత్తు. టేపుతో కొలిచి రాసుకుని అప్పుడు షాపుకి వెళ్లండి.

ఏది కొనాలి?

డ్రమ్మర్లు వాడే స్టూలు మంచి ఆప్షన్. ఎత్తు మార్చుకోవచ్చు, మడిచి కారులో వేసుకోవచ్చు. గుండ్రటిదానికన్నా సైకిల్ సీటులా ముందువైపు సన్నబడేదైతే తొడలకి అడ్డం రాదు. కీబోర్డ్ బెంచ్ కూడా ఓకే. ఊగకుండా, కిర్రుమనకుండా ఉండాలి, అంతే. రికార్డింగ్‌లో మీ తీగకన్నా ముందు బెంచ్ కిర్రు వినిపిస్తే పరువు పోతుంది.

స్టీల్ వాయించేవాళ్ల కోసమే తయారయ్యే పెట్టె సీట్లు కూడా ఉన్నాయి. పైన దిండు, లోపల అర. కేబుళ్లు, కడ్డీ, వేళ్లకి పెట్టుకునే పిక్స్, వాల్యూమ్ పెడల్ అన్నీ అందులోనే. ప్రోగ్రాములకి తిరిగేవాళ్లకి ఇది భలే సౌకర్యం. ఒకటే మైనస్, చాలావాటికి ఎత్తు మార్చడం కుదరదు. అందుకే ముందు కొలత, తర్వాతే కొనుగోలు.

ఇంట్లో ఉండే ప్లాస్టిక్ స్టూలు? వారం పదిరోజులకి పర్లేదు. సీటు ఇరుకు, అంచులు గట్టి. పైన ఒక దిండు కట్టి లాగించండి.

కూర్చునే చోటూ ముఖ్యమే

సీటు కుదిరాక దాన్ని ఎక్కడ వేస్తారన్నది ఇంకో కథ. మీ బొడ్డు దాదాపు 12 నుంచి 15వ ఫ్రెట్ ఎదురుగా ఉంటే రెండు వైపులకీ చెయ్యి సుఖంగా అందుతుంది. ఇక్కడ ఫ్రెట్లంటే ఉత్త గీతలే, తీగ వాటికి తగలదు. కడ్డీ గీతకి సరిగ్గా పైన ఉందో లేదో కంటితోనే చూసుకోవాలి. రోజూ ఒక్కోచోట కూర్చుంటే కన్ను చూసే కోణం మారుతుంది, శ్రుతి తప్పుతుంది. నేనైతే స్టూలు కాళ్ల దగ్గర నేలమీద రంగు టేపు అతికించాను. పది రూపాయల పని, రోజూ పది నిమిషాల చిరాకు తప్పింది.

ఇంకోటి, ఎంత మంచి సీటైనా పాతిక నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. సీటు మార్చాక కూడా తిమ్మిరి పోకపోయినా, లేచాక కూడా కాలు బరువుగా, బలహీనంగా అనిపించినా యూట్యూబ్ కాదు, డాక్టర్ దగ్గరికెళ్లండి.

డాలస్ తమ్ముడికి ఇవే రాసి పంపాను. పదిహేను రోజుల తర్వాత ఒక్క లైన్ వచ్చింది. ‘అన్నా, నిన్న గంటంపావు వాయించా, టైమ్ చూసుకోలేదు.’ అమ్మకం సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మీ దగ్గర పెడల్ స్టీల్ లేకపోవచ్చు. కానీ ఈ కాలమ్ చదువుతున్న చాలామంది రోజుకి ఎనిమిది గంటలు ఏదో ఒకదాని మీద కూర్చునేవాళ్లే. కీబోర్డో, తబలానో, ఎడిటింగో, గేమింగో. ఒక పని మీవల్ల కాదని తేల్చేసుకునే ముందు ఒక్కసారి కిందకి చూడండి. ‘నాకు రాదు’ అనేది మనసు చెప్తోందా, నడుం చెప్తోందా? నడుం చెప్తుంటే మాత్రం దానికి మందు పట్టుదల కాదు, టేపు పట్టుకుని కొలవడం.