పిస్తోలూ, పెళ్ళి వాకబూ

సంబంధాలు వెతికే తల్లిదండ్రులకు ఒక విద్య తెలుసు. పిల్లవాణ్ణి మేనమామ పొగిడితే సగం కొట్టివేస్తారు. దాయాది తిట్టినా అంతే. సరుకు కొనేటప్పుడు మాత్రం ఈ తెలివి ఎక్కడికి పోతుందో!

అమెరికాలో జేబులో ఇమిడే చిన్న పిస్తోళ్ళు కొనేవారి సంగతే చూడండి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి కనుక మనకా బెడద తక్కువ. అక్కడ అది అంగడి సరుకు. విచిత్రమేమంటే, 1972 నాటి చట్టంతో అక్కడ ఏర్పడిన వినియోగ వస్తువుల భద్రతా సంఘానికి పిల్లల బొమ్మ తుపాకిమీద అధికారముంది. అసలు తుపాకిమీద లేదు! లోపమున్న పిస్తోలును వెనక్కు తీసుకోమని ఆ సంఘం ఏ కంపెనీనీ శాసించలేదు. కనుక కొన్నవారి మాటే కొనబోయేవారికి దిక్కు.

ఆ మాట ఎలా ఉంటుంది? "200 తూటాలు కాల్చాను, ఒక్కసారీ మొరాయించలేదు" అంటాడొకాయన. ఘనంగానే ఉంది. కాని గణితం తెలిసినవారికి ఒక చిన్న లెక్కుంది. ఒక్క తప్పూ రానప్పుడు, 3ను ప్రయోగాల సంఖ్యతో భాగించాలి. ఇక్కడ నూటికి ఒకటిన్నర వస్తుంది. మొరాయింపు అంతకు మించదని నూటికి 95 పాళ్ళ ధీమాతో అనవచ్చు, అంతే. సుమారు 67 సార్లకొకసారి మొండికేసే పిస్తోలు కూడా అదృష్టముంటే ఆ పరీక్ష గట్టెక్కుతుందన్నమాట. వెయ్యికొకటి కన్న తక్కువని అదే ధీమాతో చెప్పాలంటే 3,000 తూటాలు కాల్చాలి. 1911లో కోల్టు పిస్తోలును అమెరికా సైన్యం 6,000 తూటాలతో పరీక్షించింది. మన ఆసామి జేబుకు అంత శక్తి ఎక్కడిది పాపం!

తిట్టేవారి మాటా యథాతథంగా తీసుకోరాదు. చిన్న పిస్తోలుకు స్లైడు తేలిక, స్ప్రింగు బిరుసు, స్లైడు వెనక్కు జరిగే దూరం తక్కువ. మణికట్టు సడలితే ఖాళీ తొడుగు సరిగా బయటపడక ఇరుక్కుంటుంది. తప్పు చేతిదో, తూటాదో, మేగజైనుదో! ఎన్ని తూటాలు, ఏ రకం, ఇంకొకరు కాల్చినా అలాగే జరిగిందా అన్నవి రాయని ఫిర్యాదు, ఊరూ తేదీ లేని ఉత్తరం వంటిది. అలాగని, అలాంటి వివరాలతో పదిమంది పదిచోట్ల ఒకే లోపం చెబితే చెవిని పెట్టవలసిందే. 2014లో రెమింగ్టన్ వారి ఆర్-51 సంగతి అలాగే అయింది. అమ్మకానికి వచ్చిన కొన్ని నెలలకే కంపెనీ వాటిని వెనక్కు పిలిచి, 2016లో మళ్ళీ విడుదల చేసింది.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ మొరాయించే పిస్తోలుకే సుమండీ. మీట నొక్కకుండా పేలే పిస్తోలు సంగతి వేరు. అక్కడ 3ను దేనితోనూ భాగించనక్కరలేదు. కిందపడి పేలిందని ఒక్కరు, ఎలా పడిందో వివరంగా చెప్పినా, వెయ్యిమంది పొగడ్తలు పక్కన పెట్టవలసిందే. 2008లో రూగర్ వారి ఎల్.సి.పి. అనే చిన్న పిస్తోలు గట్టినేలమీద పడితే పేలవచ్చని కొన్నవారినుంచి కొద్దిపాటి కబుర్లు మాత్రమే వచ్చాయి. కంపెనీ ఆ కొద్దింటికే కదిలి, ఆ ఏడాదే పిస్తోళ్ళను వెనక్కు పిలిచి, లోపలి భాగాలు ఉచితంగా మార్చి ఇచ్చింది.