కాలేజీలో పట్టిన తెడ్డు

మన ఇళ్లలో పిల్లల ఆటలకు పదో తరగతితోనే ఆఖరి గంట కొట్టేస్తారు. ఇంటర్ అంటే ఈఏపీసెట్టు, జేఈఈ, నీట్. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్. ఆ రెండేళ్లూ గట్టెక్కి డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరిన పిల్లకు సాయంత్రం పూట గ్రౌండ్ మీదికి మనసు పోతే, 'ఈ వయసులో మొదలుపెట్టి ఏం సాధిస్తావే' అని అడ్డుకుంటాం. చిన్నప్పటి నుంచీ ఆడితేనే ఆట అని మనం గట్టిగా నమ్ముతున్నాం. అన్ని ఆటలకూ వర్తించని ఈ నమ్మకం మన పిల్లలకు చాలా నష్టం చేస్తోంది.

బ్రిటన్ రోయింగ్ (పడవ పందేల) క్రీడాకారిణి కేథరిన్ గ్రెయింజర్ సంగతి చూడండి. గ్లాస్గోలో పుట్టిన ఈ అమ్మాయి 1993లో లా చదవడానికి ఎడిన్‌బరా యూనివర్సిటీలో చేరింది. కరాటేలో బ్లాక్ బెల్ట్ ఉందిగానీ, అప్పటిదాకా తెడ్డు పట్టి ఎరగదు. అక్కడి యూనివర్సిటీల్లో ఏటా కొత్త విద్యార్థులు రాగానే బోట్ క్లబ్బుల వాళ్లు ఎదురెళ్లి పిలుస్తారు. ఏమీ రానివాళ్ల కోసం విడిగా పడవలు, విడిగా శిక్షణ ఉంటాయి. ఆ పిలుపు అందుకుని పడవెక్కిన గ్రెయింజర్ నాలుగేళ్లకల్లా, 1997లో, అండర్-23 అంతర్జాతీయ పోటీల్లో స్వర్ణం గెలిచింది. అదే ఏడు సీనియర్ ప్రపంచ పోటీల్లో ఎనిమిది మంది తెడ్డు వేసే పడవలో కాంస్యం అందుకుంది.

ఇది సాధ్యమవడానికి ఆమె పట్టుదలతోపాటు ఆ ఆట తీరు కూడా కారణమే. జిమ్నాస్టిక్స్‌కు ఒళ్లు చిన్నప్పుడే వంగాలి. రోయింగ్‌కు ఎదిగిన ఒళ్లు కావాలి: పొడుగు, పొడవాటి చేతులు, బలమైన తొడలు, మంచి ఊపిరి. పడవలో కూర్చునే పీట చిన్న పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలు ఎదురుగా ఉన్న పలకకు బిగించి ఉంటాయి. మోకాళ్లు ముడిచి, చేతులు బారచాపి, తెడ్డు రేకును నీళ్లలో దించి, కాళ్లతో పలకను ఒక్క తోపు తోయాలి. ఆ తర్వాతే నడుము, చివరికి చేతులు. పడవను నడిపే బలంలో ఎక్కువ భాగం కాళ్లదే. కొత్తవాళ్లు తెడ్డు లోతుగా దించేస్తే నీళ్లు దాన్ని పట్టేస్తాయి, పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది, పడవ ఓ పక్కకు ఒరుగుతుంది. దీన్ని దాటడానికి కావలసింది ఓపిక. రెండు కిలోమీటర్ల పందెంలో ఇదే కదలిక రెండొందల సార్లకు పైగా తప్పకుండా రావాలి. పద్దెనిమిదేళ్ల పిల్ల నేర్చుకోలేనిది ఇందులో ఏదీ లేదు.

ఇక రెండో కారణం డబ్బు. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు దక్కింది ఒకే ఒక్క స్వర్ణం. ఆ తలవంపు తర్వాత నేషనల్ లాటరీ సొమ్ము క్రీడాకారుల శిక్షణకు, పోషణకు చేరడం మొదలైంది. గ్రెయింజర్ జాతీయ జట్టులోకి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 2000లో సిడ్నీలో నలుగురి పడవలో రజతం సాధించింది. బ్రిటన్ మహిళలకు రోయింగ్‌లో అదే తొలి ఒలింపిక్ పతకం. 2004లో ఏథెన్స్‌లో మళ్లీ రజతం. 2008లో బీజింగ్‌లో, మళ్లీ నలుగురి పడవలో, దాదాపు గమ్యం దాకా ముందున్నా, చివర్లో చైనా పడవ దాటిపోయింది. మూడోసారీ రజతమే. ఆ నలుగురూ పతకాల వేదిక మీద కన్నీళ్లు ఆపుకోలేకపోయారు.

అక్కడితో మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె మానలేదు. 2012 ఆగస్టు 3న లండన్ ఒలింపిక్స్‌లో, ఈటన్ డోర్నీ సరస్సు మీద, ఆనా వాట్కిన్స్‌తో కలిసి ఇద్దరి పడవలో స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. ఆ వాట్కిన్స్ కూడా కేంబ్రిడ్జ్‌లో చదువుకోవడానికి వెళ్లి అక్కడే తెడ్డు పట్టిన మనిషి. ఆ స్వర్ణ పడవలో ఉన్న ఇద్దరూ కాలేజీలో మొదలుపెట్టినవాళ్లే! 2016లో రియోలో, 40 ఏళ్ల వయసులో, గ్రెయింజర్ ఇంకో రజతం తెచ్చుకుంది. వరుసగా అయిదు ఒలింపిక్స్, అయిదు పతకాలు.

'ఆటల్లో పడితే చదువు చట్టుబండలవుతుంది' అనే తల్లిదండ్రులకు ఇంకో మాట చెప్పాలి. ఈ పతకాల మధ్యనే ఆమె లా డిగ్రీ తర్వాత వైద్య చట్టాల మీద ఎంఫిల్ చేసింది. లండన్ కింగ్స్ కాలేజీలో హత్యానేరాల శిక్షల మీద పీహెచ్‌డీ పూర్తిచేసింది. 2017లో ఒలింపిక్ క్రీడలకు నిధులు పంచే యూకే స్పోర్ట్ సంస్థకు అధ్యక్షురాలైంది.

మన దేశంలో కొత్తవాళ్లను పడవెక్కించే పని చేస్తున్నది ప్రధానంగా సైన్యం. నాసిక్ జిల్లా కరువు పల్లె నుంచి వచ్చిన దత్తూ భోకనల్ తండ్రితో కలిసి బావులు తవ్విన కుర్రాడు. నీళ్లంటే భయం. 2012లో సైన్యంలో చేరాక, అతని పొడుగు చూసి తెడ్డు చేతికిచ్చారు. నాలుగేళ్లకు రియో ఒలింపిక్స్‌లో ఒంటరి పడవ పోటీలో 13వ స్థానంలో నిలిచాడు. అంటే ఎదిగిన వయసులో మొదలుపెట్టి ఒలింపిక్స్‌కు వెళ్లడం మన గడ్డ మీదా రుజువైన సంగతే. అయితే ఆ దారి సిపాయిగా చేరిన మగపిల్లలకు తెరుచుకున్నంతగా మిగతావాళ్లకు తెరుచుకోలేదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోయింగ్‌లో మనకు అయిదు పతకాలొస్తే, అయిదూ మగవాళ్లవే.

ఆడపిల్లలు లక్షల సంఖ్యలో ఉన్నది మన కాలేజీల్లో. అక్కడ స్పోర్ట్స్ కోటా ఉంది, కానీ అది అప్పటికే సర్టిఫికెట్లు ఉన్నవాళ్లకు. ఇంటర్ యూనివర్సిటీ జట్లూ అంతే, ఆట వచ్చినవాళ్లనే ఏరుకుంటాయి. రానివాళ్లకు నేర్పే ఏర్పాటు దాదాపు శూన్యం. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఉంది, దాని మీద జాతీయ స్థాయి రోయింగ్ పోటీలు జరిగాయి. చుట్టూ ఎన్నో కాలేజీలున్నాయి. విజయవాడకు ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ నిండుగా నిలిచి ఉంటుంది. రాజమండ్రికి గోదావరి ఉంది. చెరువు లేని చోట కూడా, జిమ్‌లో రోయింగ్ మెషీన్ మీద రెండు కిలోమీటర్లు లాగించి చూస్తే ఎవరి ఊపిరి ఎంతో, ఎవరి కాళ్లలో ఎంత సత్తువ ఉందో తేలిపోతుంది. చాలా దేశాల్లో జాతీయ జట్లకు వడపోత పెట్టేది ఆ మెషీన్ మీదే.

కాబట్టి నేను అడిగేది పెద్ద స్టేడియం కాదు. ప్రతి యూనివర్సిటీ కొత్త విద్యార్థులు చేరే వారంలో ఒక బల్ల వేసి, 'ఇంతవరకూ ఏ ఆటా ఆడనివాళ్లు రండి' అని బోర్డు పెట్టాలి. నాలుగు మెషీన్లు, ఒక కోచ్, నీళ్లున్న చోట రెండు పడవలు, ఈత నేర్పే ఏర్పాటు, లైఫ్ జాకెట్లు ఇవ్వాలి. నేర్చుకుంటున్న పిల్లలకు హాజరులో కాస్త వెసులుబాటు ఇచ్చి, హాస్టల్లో కడుపునిండా మంచి తిండి పెట్టాలి. వీళ్లందరూ ఒలింపిక్స్‌కు వెళ్లరు. వెళ్లగలిగిన ఆ ఒక్క పిల్ల ఎవరో తెలియాలంటే మాత్రం అందరికీ ఒకసారి తెడ్డు అందించాల్సిందే. వచ్చే విద్యా సంవత్సరానికి ఈ పని మొదలుపెట్టే వైస్ చాన్సలర్ మన రెండు రాష్ట్రాల్లో ఒక్కరైనా ముందుకు రావాలి.