లైనులో ఆఖరున మేమే

చంద్లాపూర్ కట్ట మీద నిలబడితే రంగనాయకసాగర్‌లో గోదావరి నీళ్లు కనబడతాయి. 2020 ఏప్రిల్ 24న ఈ జలాశయంలోకి నీళ్లు వదిలారు. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజులవి. మోటర్లు గోదావరిని గుట్టల మీదికి ఎత్తి పోస్తున్న ఆ రోజుల్లోనే, పట్నం పోయిన మా కూలీలు నెత్తిన మూటలతో ఎండలో నడిచి తండాలకు చేరారు. నీళ్లకు దారి దొరికింది, మనుషులకు బస్సు దొరకలేదు.

ఐదేళ్లు గడిచాయి. 2025 ఆగస్టు. నాట్లు పడ్డాయి, మక్క ఎదుగుతోంది, యూరియా లేదు. ఇంకా తెల్లారకముందే సొసైటీ గోదాం ముందు చెప్పులు, రాళ్లు, పాసుపుస్తకాల జిరాక్సులు వరుసలో పెట్టి కూర్చున్నాం. లారీ వచ్చింది. మనిషికి రెండు బస్తాలన్నారు. మా వంతు వచ్చేసరికి అయిపోయాయన్నారు. కౌలుకు చేసేవాళ్లనైతే "పాసుపుస్తకమేది?" అని ముందే పక్కకు నిలబెట్టారు. దున్నేది వాళ్లే, చల్లేది వాళ్లే, కాగితం మాత్రం ఇంకొకరిది.

బస్తా ఎందుకు రాలేదో అడిగితే మండలంలో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే కారణం మండలంలో లేదు. దేశానికి కావలసిన యూరియాలో కొంత ఏటా విదేశాల నుంచి రావాలి. చైనా తన రైతులకు కొరత రాకూడదని 2021 నుంచే ఎగుమతులు బిగించింది. 2023 నవంబర్ నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైతే, చాలా ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసివచ్చింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్లాడుకున్నాయి. "మనకు రామగుండం ఉందిగా" అంటారు. ఉంది. ఏడాదికి 12.7 లక్షల టన్నులు చేయగల కర్మాగారం. సరిగ్గా ఆ ఆగస్టులోనే అది మరమ్మతుకు ఆగింది. మన నేల కింది బొగ్గుతో నడిచిన పాత రామగుండం కర్మాగారాన్ని 1999లోనే మూసేశారు. ఇప్పటిది గ్యాసుతో నడుస్తుంది. దేశంలో యూరియాకు వాడే గ్యాసులో పెద్ద భాగం ఓడల మీద దిగుతుంది. పొయ్యి మన వాకిట్లోనే ఉంది, కట్టెలు సముద్రం అవతల ఉన్నాయి.

ఇంకో సంగతి వినండి. రావలసిన యూరియా ఓడ రాని ఆ నెలలోనే, రాకూడని ఓడకు తలుపు తెరిచారు. విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది కాబట్టి బట్టల మిల్లులకు ఊరట కావాలన్నారు. సరే, మిల్లులకు ఊరట. మరి చేనులో పత్తి పూత మీదున్న మాకు? మేం అమ్ముకునే నెలలన్నీ ఆ గడువులోనే పడ్డాయి. కొనేటప్పుడు ప్రపంచం మాకు మూసుకుపోయింది, అమ్మేటప్పుడు మా మీద తెరుచుకుంది. ప్రపంచీకరణ అంటే మాకు అర్థమైంది ఇదే.

1991 నుంచి మాకొక పాఠం చెబుతున్నారు. ఎక్కడ చవకైతే అక్కడ కొను, గోదాములో నిల్వ దండగ, అవసరమైన రోజుకు సరుకు అదే వస్తుంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఒక్క ఓడ అడ్డం తిరిగి ఇరుక్కుంటే 6 రోజులు ప్రపంచ వ్యాపారానికి ఊపిరాడలేదు. ఆ పాఠం అప్పుడే తప్పని తేలింది. అయినా చెప్పినవాళ్లకు నష్టం లేదు. నిల్వ చేయకపోవడం వల్ల మిగిలిన డబ్బు పైవాళ్లది, తెగిన రోజు ఆకలి కిందివాళ్లది.

సరుకు రవాణా గురించి లంబాడీలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు దక్కన్‌లో ఆ పని మాదే. వేల ఎడ్ల మీద గోనెలు వేసి తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం మోశాం. మొగలుల సైన్యాలకూ నిజాం సైన్యాలకూ తిండి మోసింది మా లదేణీలే. తండా అంటే అప్పుడు నిలిచిన ఊరు కాదు, నడిచే బిడారు. రైలు వచ్చింది, ఎడ్లు ఆగిపోయాయి. ఉప్పు మోసిన మా చేతుల మీద 1871 నేరస్థ జాతుల చట్టంతో దొంగలనే ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో పోయింది. లైనులో మేం నిలబడే చోటు మాత్రం మారలేదు.

"వ్యాపారం వద్దంటారా? మీ చేతిలో ఫోనెక్కడిది?" అని అడిగే పెద్దలున్నారు. వ్యాపారం చేసి బతికిన జాతి వ్యాపారాన్ని ఎందుకు వద్దంటుంది? తెగితే బతకలేని స్థితికి మమ్మల్ని తెచ్చినదాన్ని వద్దంటున్నాం. ఉప్పు బిడారు ఒక నెల ఆలస్యమైతే కూర చప్పనయ్యేది, ఇంట్లో గుమ్మి మాత్రం ఖాళీ అయ్యేది కాదు.

మా తప్పూ ఉంది. జొన్న, సజ్జ, కంది కలిపి వేసిన చేలలో పత్తి ఒక్కటే వేశాం. ఇంటి విత్తనం పోగొట్టుకుని ప్యాకెట్ కొన్నాం. పశువుల్ని అమ్ముకున్నాం, పెంట ఎరువు పోయింది, బస్తా కోసం లైను కట్టాం. అప్పు ఇచ్చేవాడు పత్తికే ఇస్తానంటే కాదనలేకపోయాం. ఆ మాట నిజమే, కానీ అది సగం నిజం.

కాబట్టి మేం అడిగేవి చాలా కావు. వానాకాలం రాకముందే ఎరువు తండా దగ్గరి గోదాములో ఉండాలి. దాన్ని పాసుపుస్తకం చూసి కాక, చేను చూసి ఇవ్వాలి. పంట చేనులో ఉండగా దిగుమతి సుంకం ఎత్తేయకూడదు. జొన్నకూ కందికీ పత్తికి దొరికినట్టే అప్పూ కొనేవాడూ దొరకాలి. ఇక మేం చేయవలసింది ఒకటుంది. ప్రతి ఇంటా అరెకరమైనా తిండి పంట, ఇంటి విత్తనం, వాకిట్లో పెంటకుప్ప. ఈ మూడూ ఉన్న ఇంటికి ఎర్రసముద్రంలో ఓడ ఆగినా ఆ పూట అన్నం ఆగదు.

కట్ట కింద నీళ్లున్నాయి. వచ్చే వానాకాలానికి మళ్లీ చెప్పులే వరుసలో పెట్టాలా, లేక ఈ వేసవిలోనే గోదాం నింపించాలా అన్నది తండా సభల్లో ఇప్పుడే తేలాలి.