గారెలో చిల్లు

మా మేనల్లుడికి కారు జబ్బు వుంది. ఈ సంగతి ఇదివరకు ఒకటి రెండుసార్లు మనవి చేసుకున్నాను. చిన్నప్పుడు అగ్గిపెట్టెకు సీసామూతలు తగిలించి ఇల్లంతా నడిపినవాడు, ముప్పై ఏళ్ళు వచ్చాక బాంకి అప్పు పెట్టి 2018 నాటి స్విఫ్ట్ ఒకటి సెకండ్‌హాండులో కొన్నాడు. కొన్నవాడు వూరుకున్నాడా? నెల తిరక్కుండా దానికి అలంకారాలు మొదలుపెట్టాడు. స్ప్రింగులు మార్చి బండిని ఒక అంగుళం కిందికి దించాడు. కంపెనీవాడిచ్చిన పధ్నాలుగు అంగుళాల చక్రాలు పీకేసి, పదహారు అంగుళాల అల్లాయ్ రిమ్ములూ, వాటికి వెడల్పాటి టైర్లూ వేయించాడు. ఒక ఆదివారం పొద్దున్నే చైతన్యపురిలో మా గుమ్మం ముందు ఆపి హారను కొట్టాడు.

మా ఆవిడ బయటికి వచ్చి, కాసేపు చూసి, "ఏమిట్రా, దీనికి కాళ్ళు వాచాయి?" అంది.

వాడు నొచ్చుకున్నాడు. నేను మాత్రం బాగానే వుందన్నాను. నిజానికి బాగానే వుంది. పోట్లగిత్తలా నేలకు కరుచుకుని నిలబడింది. చూడ్డానికి బాగుండడం వేరు, ఎక్కి కూచోవడం వేరు అన్నది నాకు మరో పదిహేను రోజులకుగాని తెలియలేదు.

ఆ రోజు సాయంత్రం ఎల్.బి.నగర్‌లో పని చూసుకుని ఇద్దరం వస్తున్నాం. వాన అప్పుడే పట్టుకుంది. మా వైపు వాన సంగతి తెలియనివారికి ఒక మాట: ఇక్కడ వాన కురవడంతో సరిపెట్టుకోదు, నిలుస్తుంది. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి, కోదండరాంనగర్‌లోనూ మా చైతన్యపురిలోనూ వీధులు కాలవలైన రోజులు మేమింకా మరిచిపోలేదు. సరే, విక్టోరియా మెమోరియల్ స్టేషను దాటి మెట్రో స్తంభాల పక్కన వస్తూంటే, ముందు పోతున్న స్కూటరు చప్పున ఆగింది. వెనక సీటు మీద రెయిన్‌కోటు తొడుక్కున్న చిన్నపిల్ల. మావాడు బ్రేకు తొక్కాడు. పెడలు కింద గడగడమని చప్పుడు వచ్చింది. బండి మాత్రం ఆగలేదు. సబ్బు నీళ్ళలో జారే పీటలా, ఏ తొందరా లేకుండా, ముందుకు పోయింది. స్కూటరుకు ఒక మూరెడు దూరంలో ఆగింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నవ్వింది. పాపం, దానికేం తెలుసు!

ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. గుమ్మం దగ్గర దిగుతూంటే వాడే అన్నాడు: "ఎ.బి.ఎస్. వుంది మామయ్యా, అయినా ఎందుకు జారిందో!"

నాకు చురుక్కుమంది. ఎందుకంటే వాడి భార్యకు అప్పుడు ఏడో నెల. శ్రావణమాసం రాగానే సూర్యాపేటలో పుట్టింటికి తీసుకువెళ్ళాలి. విజయవాడ రోడ్డు మీద నూటముప్పై కిలోమీటర్ల ప్రయాణం. "ఆ బండిలో అయితే నేనూ రాను, దాన్నీ పంపను" అని మా అక్కయ్య, అంటే వాడి తల్లి, ముందే ప్రకటించి వుంది. ఆవిడ ఫిర్యాదు వేరు. వెనక సీట్లో ఇద్దరు కూచుంటే చాలు, గతుకు వచ్చినప్పుడల్లా ఎవరో రంపంతో కోస్తున్నట్టు చప్పుడు వస్తుందిట. మావాడు అది రేడియో అని ఆవిడకు నచ్చజెప్పాడు.

మర్నాడు మా ఆవిడ నన్ను పిలిచి, "మీరు వెంట వెళ్ళి ఆ టైర్ల సంగతేదో తేల్చుకు రండి. వాణ్ణి ఒక్కణ్ణీ పంపితే ఇంకో నాలుగు అంగుళాలు పెంచుకు వస్తాడు" అంది. వెళ్ళాను.

ఎల్.బి.నగర్ అవతల ఒక పాత దుకాణం. పైన బోర్డు కూడా వెలిసిపోయింది. మేస్త్రీకి అరవై ఏళ్ళుంటాయి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని, టైరు అంచున గోటితో గుచ్చి చూశాడు. ఆనక పక్కన చెక్కి వున్న అక్షరాల మీద తడిగుడ్డ పెట్టి తుడిచాడు. సాగదీసిన కోడిగుడ్డు లాంటి గడిలో నాలుగు అంకెలు బయటపడ్డాయి: 1417.

"తమ్మీ, నీ బండి ఏ సాలుది?" అన్నాడు.

"పద్దెనిమిది."

"టైరు పదిహేడుది. పధ్నాలుగో వారంల పుట్టింది. నీ బండి కంటే గిదే పెద్ద."

మావాడి మొహం చూడాలి! ఆ టైర్లు "కొత్తవే, రెండు నెలలు వాడినవి" అని ఎక్కడో అంటగట్టారట. గాడులు లోతుగానే వున్నాయి, అందుకని నమ్మాడు. కాని రబ్బరు ఊరగాయ కాదు, నిలవవుంటే రుచి పెరగడానికి. వాడినా వాడకపోయినా యేళ్ళు గడిచినకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు ఎండ రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తుంది గాని, తడి రోడ్డును పట్టుకోలేదు. పక్కగోడల మీద వెంట్రుకల్లాంటి బీటలు కూడా మేస్త్రీ చూపించాడు. అంతటితో అయిందా? ముందు ఎడమ టైరు మీద ఒక బాణం గుర్తు వుంది. ఆ రకం టైర్లు ఒక్క వైపే తిరగాలి. అప్పుడే గాడులు నీళ్ళను పక్కలకు నెట్టివేస్తాయి. దాన్ని తిరగేసి బిగించారు. బాణం వెనక్కి చూస్తోంది!

"ఎ.బి.ఎస్. ఏం జేస్తది తమ్మీ?" అన్నాడు మేస్త్రీ. "చక్రం బిగుసుకపోకుండ చూస్తది. రోడ్డును పట్టేది టైరే గద!"

ఎన్ని ఏళ్ళుగా కార్లు ఎక్కుతున్నానో గాని, ఆ ఒక్క ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఇక సైజు సంగతి. టైరు మీద 205/55 ఆర్ 16 అని వుంది. కంపెనీవాడు ఇచ్చింది 165/80 ఆర్ 14. ఇంటికి వచ్చి ఈ అంకెలు మా ఆవిడకు చెప్పబోతే, గారెల పిండి రుబ్బుతూ, "తెలుగులో చెప్పండి" అంది. చెప్పాను. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు, వెడల్పులో నూటికి ఇన్ని వంతులని. ఆఖరిది లోపలి రిమ్ము, అంగుళాల్లో. 165లో నూటికి ఎనభై అంటే 132 మిల్లీమీటర్ల గోడ. 205లో నూటికి యాభైఐదు అంటే 113కు కాస్త తక్కువ.

"అంటే గారె అంతే వుండాలి, చిల్లు మాత్రం పెద్దదవ్వాలి. పిండి తగ్గక ఏమవుతుంది?" అంది.

ఇంతకన్న బాగా ఏ ఇంజనీరూ చెప్పడు. రోడ్డు గతుకుకూ, మన నడుముకూ మధ్య వున్నది ఆ పిండే. అది తగ్గితే, మూత లేని మాన్‌హోలు అంచు తగిలినప్పుడు దెబ్బ రిమ్ముకు తగులుతుంది. సొట్ట పడుతుంది, లేదా పగులుతుంది.

ఆ రాత్రి కాగితం పెన్సిలూ పుచ్చుకుని గారె మొత్తం కొలత లెక్క కట్టాను. రిమ్మును మిల్లీమీటర్లలోకి మార్చి, పైనా కిందా రెండు గోడలూ కలపాలి. పాతది 619.6 వచ్చింది. మావాడు వేసింది 631.9. తేడా నూటికి రెండు. అసలు కొలతకు నూటికి మూడు లోపు తేడా వుంటే ఫరవాలేదని ఈ వృత్తిలో వాళ్ళ లెక్క. అంతకు మించితే స్పీడు ముల్లు అబద్ధం చెబుతుంది. పెద్ద టైరు వేస్తే ముల్లు చూపించేదానికన్న బండి వేగంగా పోతూ వుంటుంది. ఆ లెక్కన మావాడు పాసయినట్టే. మరి రంపం చప్పుడేమిటి?

అది ఎత్తు తగువు కాదు, వెడల్పు తగువు. టైరు నలభై మిల్లీమీటర్లు వెడల్పు పెరిగింది గదా, బయటి పక్కకు ఇరవై. ఆ రిమ్ములు పాతవాటికన్న మరో పది మిల్లీమీటర్లు బయటికి కూచునే రకం. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. మొత్తం ముప్పై మిల్లీమీటర్లు, అంటే వేలెడు వెడల్పుకన్న ఎక్కువ, చక్రం బయటికి వచ్చింది. పైన బండిని అంగుళం కిందికి దించాడాయె. నలుగురు కూచుంటే టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకోక ఏం చేస్తుంది? మేస్త్రీ వేలు పెట్టి చూపించాడు: టైరు భుజం మీద చుట్టూతా కత్తి గీసినట్టు గీత. అలాంటి గీతతో, నిండు చూలాలిని ఎక్కించుకుని, విజయవాడ రోడ్డు మీద వంద వేగంతో వెళ్ళేవాడు మావాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

వెడల్పు టైరుకు పట్టు ఎక్కువని మావాడి వాదన. పొడి రోడ్డు మీద మలుపుల్లో కొంత నిజమే. కాని నీళ్ళు నిలిచినచోట వెడల్పాటిది సన్నదానికన్న ముందు తేలుతుంది. సన్న టైరు నీటిని కోసుకుపోతుంది. వెడల్పుది, గాడులు ఆ నీటినంతా తోడిపొయ్యలేకపోతే, పడవవుతుంది. పైగా స్టీరింగు బరువు, పెట్రోలు ఖర్చు.

మా రోజుల్లో ఈ గొడవ లేదు. అంబాసిడరుకు 5.90–15, ఫియట్‌కు 5.20–14. దుకాణంలో బండి పేరు చెబితే టైరు దొర్లించుకు వచ్చేవాడు. ఇవాళ వంద రకాలు. ఎంచుకోవలసిన బాధ మనది. అయినా కంపెనీవాడు ఒక ఉపాయం మన కళ్ళ ఎదుటే పెట్టాడు: ఇదే స్విఫ్ట్‌లో ఖరీదైన రకానికి వాడే 185/65 ఆర్ 15 వేసి అమ్మాడు. లెక్క కట్టి చూస్తే 621.5. పాతదానికి వెంట్రుకవాసి తేడా! వెడల్పు ఇరవై పెరుగుతుంది, పక్కకు పదే. గోడ 120 మిల్లీమీటర్లు మిగులుతుంది. మోసే బరువు కూడా తగ్గదు. 165 టైరు పక్కన 85టి అని వుంటుంది. 85 అంటే ఒక్కో చక్రం 515 కిలోలు మోస్తుందని, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. 185 టైరుకు 88, అంటే 560 కిలోలు. సైజు మార్చేవాళ్ళు ఈ అంకె తగ్గకుండా చూసుకోవాలి. అందం చూసేవాళ్ళకు ఇది కనిపించదు.

చట్టం కూడా చెప్పాను వాడికి, మామయ్యను గదా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు ముందు చూసేది చక్రాలనే. కంపెనీవాడు అదే మోడలుకు వేసిన కొలత అయితే జవాబు చెప్పుకోవడం తేలిక. వాడు అరగంట వాదించి, తరవాత అలిగి, మర్నాడు పొద్దున "పదిహేను అంగుళాల రిమ్ములు ఎక్కడ దొరుకుతాయి మామయ్యా?" అని ఫోను చేశాడు.

పట్టు విషయంలో మేస్త్రీ దగ్గర ఇంకో గంట పాఠం అయింది. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది చాలాకాలం వస్తుంది, తడిలో మొహం చాటేస్తుంది. దుకాణంవాళ్ళు సాధారణంగా ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందో చెబుతారు గాని, వానలో ఎంత దూరంలో ఆగుతుందో చెప్పరు. అది మనమే అడగాలి. తడిలో పట్టుకూ, చప్పుడుకూ, దొర్లడంలో పడే శ్రమకూ 2022లో కేంద్రప్రభుత్వం కొలతలు పెట్టి, ఆ ఏడు అక్టోబరు నుంచి కొత్త నమూనాలకు తప్పనిసరి చేసింది. మా హైదరాబాదుకు కావలసింది పందెం టైరు కాదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే తారు మీద కాలాలి, వానాకాలం దిల్‌సుఖ్‌నగర్ నీళ్ళలో ఈదాలి. అందుకని, చుట్టూ నాలుగు నిలువు గాడులు లోతుగా వుండి, పక్కలకు నీళ్ళు వదిలే చీలికలు వున్న మామూలు సంసారపక్షం టైరు ఎంచాం. నాలుగింటి తేదీలూ నేనే తడిగుడ్డతో తుడిచి చదివాను. ఒకటి పాతదైతే వెనక్కి పంపించాను. దుకాణంవాడు నన్ను చూసి నిట్టూర్చాడు.

గాడుల అడుగున చిన్న చిన్న కట్టలు వుంటాయి, మీరూ చూడవచ్చు. రబ్బరు అరిగి ఆ కట్టలతో సమానమైందంటే, లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందన్నమాట, ఇక మార్చాలి. రెండే టైర్లు మార్చే స్తోమత వుంటే, కొత్తవి వెనక వేయాలట. నేను ముందు వేయాలనుకున్నాను. ముందు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే దారికొస్తుంది. వెనక జారితే బండి బొంగరమవుతుంది, మామూలువాళ్ళ చేతిలో ఆగదు.

స్ప్రింగులు కూడా పాతవే వేయించాడు. అలైన్‌మెంటు, బాలెన్సింగు చేయించాం. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు చూసి, నిండు బరువుకు ఎంత గాలి వుండాలో అంత కొట్టించాం.

శ్రావణంలో మంచిరోజు చూసి బయలుదేరారు. ముందు మావాడూ నేనూ, వెనక అక్కయ్యా, కోడలూ, డిక్కీ నిండా సామానూ. వనస్థలిపురం దాటాక వాన మొదలైంది. అక్కయ్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చెవి వెనక చక్రం వైపు పెట్టి కూచుంది. చౌటుప్పల్ దాకా మాట్లాడలేదు. ఆ తరవాత, "ఒరే, ఆ రేడియో పాడైందా?" అంది. మావాడు అద్దంలోంచి నావైపు చూసి గతుక్కుమన్నాడు.

పదహారు అంగుళాల రిమ్ములు నాలుగూ మా మేడ మీద వున్నాయి. వాటిని అమ్మేస్తానని మావాడు రోజూ అంటున్నాడు. మూడు మాత్రమే అమ్ముకోవాలి. నాలుగోదాని మీద మా ఆవిడ కరివేపాకు కుండీ పెట్టింది. సరిగ్గా కుదిరిందిట, ఇవ్వనంటోంది.