సోమరియా, పని దొరకనివాడా?



"ప్రభుత్వం ఊరకే ఇచ్చి జనాన్ని సోమరులను చేసింది" అనే మాట ఆరాధన ముగిశాక మందిరం ముంగిట తరచు వినబడుతుంది. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన హెచ్చరికను కూడా ఎత్తి చూపుతారు. అయితే ఆ హెచ్చరిక పని చేయ మనసులేనివారికే గాని పని దొరకనివారికి కాదు.

మన అనంతపురం జిల్లాలో వాన అదను తప్పితే వేరుశనగ పోతుంది, దానితో కూలీ పోతుంది. ఇంటికి తాళం వేసి, ముసలివారిని ఊళ్లో విడిచి, బెంగళూరుకు కూలికి పోయేవారిని సోమరులని ఎవరనగలరు?

2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనిని హక్కుగా ఇచ్చింది. అడిగిన 15 రోజులలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలన్నది. ఎండలో గడ్డపార పట్టి, మట్టి తవ్వి, కొలత ఇచ్చి తీసుకున్న కూలి భిక్షం కాదు.

హక్కుతో పాటు బాధ్యత కూడా ఉన్నది. పనికి పోకుండానే మస్టరులో పేరు వ్రాయించుకొనడం దొంగతనమే. నిజంగా చెమటోడ్చిన పొరుగువానికి కూడా దానివలన చెడ్డపేరు వస్తుంది.

ప్రభువు చెప్పిన ఉపమానంలో ద్రాక్షతోట యజమాని, పొద్దువాలినా సంతవీధిలో ఊరకే నిలిచియున్నవారిని గద్దించలేదు. కారణం అడిగాడు, జవాబు విన్నాడు, పని ఇచ్చాడు. మనం కారణం అడగకుండానే తీర్పు తీర్చుతున్నామా? ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి.