స్టూడియో ప్రాజెక్టు ఎప్పుడు పూర్తయినట్టు?

ఇంటీరియర్ డిజైన్ చదివేవాళ్ళని చూసి ఇతర శాఖల మిత్రులు "మీకేమిటండీ, బొమ్మలు గీస్తే మార్కులు" అంటుంటారు. స్టూడియో ప్రాజెక్టు అంత తేలిగ్గా వదిలేది కాదు. గది కొలతలు, ప్లాను, సెక్షన్లు, వెలుతురు, గాలి, ఫర్నిచరు, ఖర్చు అంచనా, ఆఖరికి అట్టముక్కలతో మోడలు. వీటిలో ఏ ఒక్కటి మారినా తక్కినవన్నీ మళ్ళీ గీయాల్సిందే. జ్యూరీకి ముందు నాలుగు రాత్రులూ మా గదుల్లో దీపాలు ఆరవు. కష్టం లేదనను. ఆ కష్టమంతా దేనికి ఖర్చవుతున్నదన్నదే నా ప్రశ్న.

మాకు తరచుగా ఇచ్చే అంశాలు చూడండి: పెద్ద హోటల్ లాబీ, సముద్రపుటొడ్డున విల్లా, కార్పొరేట్ ఆఫీసు. వాటిలో కాపురముండే మనిషి మాకు కనిపించడు. కనిపించని మనిషి అవసరాలు ఎవరిని అడగాలి? అందుకే పత్రికల్లోని ఫొటోలే గురువులవుతాయి. పైగా రంగుల ప్రింట్లకూ మోడలు సామానుకూ డబ్బు పెట్టగలవాడి షీటు మెరుస్తుంది. పెట్టలేనివాడి ఆలోచన వెనకబడుతుంది. ఇది న్యాయమేనా?

మాది వేటపాలెం. చీరాల పక్కన, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. నేత మా ప్రాంతపు వృత్తి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకి నేత ఇంటి ముందుగదిని తీసుకుంటానంటే "అందులో డిజైన్ చెయ్యడానికేముంది?" అన్నారు కొందరు.

ఏముందో చెబుతాను. గుంట మగ్గం నేసే మనిషి నేలమట్టాన కూర్చుని కాళ్ళు గుంటలోకి దించుతాడు. కిటికీ మామూలు ఎత్తున పెడితే అతనికి గాలి తగలదు, గోడవారనున్న మగ్గం మీద నీడ పడుతుంది. నేలలో కాస్త చెమ్మ ఉంటే పడుగు నూలు తెగదు. వాన ముదిరి గుంటలో నీరూరితే మాత్రం పని ఆగిపోతుంది, ఆనాటి కూలి పోతుంది. అంటే చెమ్మ ఉండాలి, నీరు రాకూడదు! జకార్డు బిగిస్తే పైన ఎత్తు కావాలి. అదే గదిలో కండెలు చుట్టే ఇల్లాలికి చోటు, పిల్లల చదువుకొక మూల, రాత్రికి అందరికీ పడక. ఏ హోటల్ లాబీ ఇన్ని ప్రశ్నలు వేస్తుంది?

1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మన చెంబును ఎంతో మెచ్చుకున్నారు. ఎంత నీరు పట్టాలి, చేతిలో ఎలా ఇమడాలి, ఎలా మోయాలి, ఎలా ఒంపాలి, ఎంత ఖరీదుండాలి అని చెంబు చుట్టూ ఉన్న ప్రశ్నలన్నీ వరసగా రాశారు. ఆ నివేదిక దరిమిలా 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. చెంబుకి దక్కిన గౌరవం మగ్గం గదికి దక్కకూడదా?

"విద్యార్థి ఊహకి హద్దులు పెడితే ఎలా?" అని అధ్యాపకులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. మొదటి రెండేళ్ళూ ఊహకి పగ్గాలు వెయ్యనక్కర్లేదు. కానీ నిజమైన ఇల్లు ఊహని చంపదు. 1923లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ విద్యాలయం ఒక నిజమైన ఇంటిని కట్టించి, తన వర్క్‌షాపుల్లో తయారైన సామానుతోనే దాన్ని అమర్చింది. నూరేళ్ళు దాటినా ప్రపంచం దాన్ని గురించి చెప్పుకుంటూనే ఉంది.

నేత ఇల్లొక్కటే కాదు. మా ఊళ్ళో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీజీ వచ్చిన చోటు. పాత పత్రికలు భద్రపరిచిన అలాంటి చోట బీరువా గోడకి ఎంత దూరముండాలి, ఎండ ఎక్కడ పడకూడదు, ముసలి పాఠకుడికి ఎలాంటి కుర్చీ వెయ్యాలి? ఇదీ ఒక ప్రాజెక్టే. ప్రతి విద్యార్థి ఊళ్ళోనూ ఇలాంటి గది ఒకటుంటుంది.

నా సూచనలు మూడే. చివరి సంవత్సరం ఒక ప్రాజెక్టయినా విద్యార్థి సొంత ప్రాంతంలోని నిజమైన గది మీద ఉండాలి. ఆ గదిలో బతికే మనిషికి జ్యూరీలో ఒక కుర్చీ వెయ్యాలి. షీటు అందానికి ఎన్ని మార్కులో ఖర్చు అంచనాకీ అన్ని ఇవ్వాలి. వచ్చే ఏడు యూనియన్ ఎన్నికల్లో నిలబడే మిత్రులు ఈ మాటని పాఠ్యప్రణాళిక సంఘం దాకా తీసుకువెళ్ళాలని కోరుతున్నాను.